కొండపల్లి కోట: కృష్ణాతీరపు దారికి కాపలా

కొండపల్లి కోట పూర్వపు కృష్ణా జిల్లాలో, కృష్ణానది ఎడమగట్టుకు కొద్ది దూరంలో, కొండల వరుస మీద ఉన్న మధ్యయుగపు గిరిదుర్గం. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరం. విజయవాడ నుంచి నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాదు వెళ్లే రహదారి ఈ కొండలకు దగ్గరలోనే, ఇబ్రహీంపట్నం గుండా సాగుతుంది. రెడ్డిరాజులు, గజపతులు, బహమనీ సుల్తానులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, మొగలులు, నిజాములు, చివరికి ఈస్టిండియా కంపెనీ ఈ కోటను ఏలారు. 14వ శతాబ్దం నుంచి 1859 దాకా సైన్యం ఉన్న ఈ కోట వీరిలో ఏ ఒక్కరికీ రాజధాని కాలేదు. అయినా అందరికీ కావలసి వచ్చింది. తెలంగాణ మెరకకూ కృష్ణా డెల్టాకూ మధ్య ఉన్న దారిని ఇది కాపలా కాయడమే అందుకు కారణం.

దారి, కొండ, నది

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం మెరక నేల. వేదాద్రి, ముక్త్యాల దగ్గర కృష్ణ కొండల పక్కగా ప్రవహిస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు వస్తే పాలేరు, మునేరు వంటి ఉపనదులు ఉత్తరం నుంచి వచ్చి కృష్ణలో కలుస్తాయి. కీసర దగ్గర మునేరు దాటి కంచికచర్ల, పరిటాల మీదుగా ముందుకు సాగేకొద్దీ ఎడమచేతి వైపు కొండలు దగ్గరపడతాయి, కుడిచేతి వైపు నది ఉండనే ఉంటుంది. తూర్పు కనుమల్లో భాగమైన ఈ కొండపల్లి కొండలు నందిగామ వైపు నుంచి విజయవాడ దాకా సుమారు 24 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉన్నాయి. విజయవాడ దాటితే ఇక పల్లమే: పంటపొలాలు, దివిసీమ, బందరు (మచిలీపట్నం) రేవు.

ఓరుగల్లు నుంచో గోల్కొండ నుంచో సముద్రతీరానికి వచ్చే సైన్యమైనా, బందరు నుంచి లోపలికి వెళ్లే వర్తకుల బిడారమైనా ఈ కొండలకూ నదికీ నడుమ ఉన్న సందులోంచి పోవలసిందే. ఇప్పుడు పూణె నుంచి మచిలీపట్నం దాకా ఉన్న 65వ జాతీయ రహదారి కూడా ఈ సందులోంచే పోతుంది. కొండపై నుంచి నదినీ దారినీ ఒకేసారి కనిపెట్టి ఉండవచ్చు. ప్రాచీన రాజనీతి గ్రంథాలు దుర్గాలను గిరిదుర్గం, వనదుర్గం, జలదుర్గం, స్థలదుర్గం అని విభజించాయి. కొండపల్లి గిరిదుర్గమే అయినా చుట్టూ దట్టమైన అడవి ఉండటంతో దానికి వనదుర్గం బలం కూడా తోడైంది.

ఐరోపాలో మధ్యయుగపు కోట చాలావరకు ఒక ప్రభువు కుటుంబపు నివాసం. ఆ ప్రభువు భూములు, కచేరీ, వంటశాల, ప్రార్థనామందిరం అన్నీ దాని చుట్టూ అల్లుకుని ఉండేవి. తెలుగుదేశపు గిరిదుర్గాల తీరు వేరు. రాజు కొండవీట్లోనో కటకంలోనో బీదరులోనో ఉంటాడు. కోటలో ఉండేది అతని దుర్గాధిపతి, తర్వాతి కాలపు మాటలో కిల్లేదారు. కోట చేతిలో ఉన్నవాడిదే కింది పరగణాల శిస్తు. అందుకే కొండపల్లి చరిత్రలో పెళ్లిళ్లు, పట్టాభిషేకాల కంటే ముట్టడులు, ఒప్పందాలు ఎక్కువ.

రెడ్డిరాజుల నిర్మాణం

1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ రాజ్యం చెదిరిపోయాక తీరాంధ్రలో తలెత్తిన రాజ్యాల్లో రెడ్డి రాజ్యం ముఖ్యమైనది. దాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి మొదట అద్దంకి నుంచి పాలించాడు. అతని కొడుకు అనవోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీడుకు మారింది. కొండవీడు, బెల్లంకొండ, వినుకొండ, కొండపల్లి ఈ రాజ్యానికి కాపుదలగా నిలిచిన కోటలు. వీటిలో మొదటి మూడూ కృష్ణకు దక్షిణాన ఉన్నాయి. నదికి ఉత్తరాన, ఓరుగల్లు వైపు నుంచి వచ్చే దాడిని ఆపే కోట కొండపల్లి ఒక్కటే.

కోట కట్టిన ఖ్యాతిని కొందరు ప్రోలయ వేమారెడ్డికీ, మరికొందరు అనవేమారెడ్డికీ ఇస్తారు. ఎవరి పేరు చెప్పినా కాలం మాత్రం 14వ శతాబ్దమే. అప్పటికి ఢిల్లీ సేనల దండయాత్రల దెబ్బ జనం మరచిపోలేదు. మైదానంలో మట్టికోట కట్టుకుని గుర్రపుదళాన్ని ఎదుర్కోవడం కష్టమని తేలిపోయింది. రెడ్డిరాజులు కొండలెక్కడానికి అది ఒక ముఖ్య కారణం.

రెడ్డిరాజుల కాలంలో కృష్ణాతీరపు క్షేత్రాలకూ ఆదరణ దక్కింది. సోమకాసురుడు అపహరించిన వేదాలు విష్ణువు చేత విడుదలై కొండ రూపంలో నిలిచాయని వేదాద్రి స్థలపురాణం. అక్కడ నరసింహస్వామిని అయిదు రూపాల్లో కొలుస్తారు. వాటిలో మూడు: కొండ మీద జ్వాలా నరసింహుడు, కృష్ణ గర్భంలో సాలగ్రామ నరసింహుడు, ఒడ్డున ఆలయంలో యోగానంద నరసింహుడు. ఆ ఆలయం రెడ్డిరాజుల కాలానిదని, ఎర్రాప్రగడ, శ్రీనాథుడు అక్కడి స్వామిని సేవించారని స్థానికంగా చెప్పుకుంటారు. ఎర్రాప్రగడ ప్రోలయ వేముడి ఆస్థానకవి. తన హరివంశాన్ని అంకితమిచ్చింది ఆ రాజుకే. శ్రీనాథుడు కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా పనిచేశాడు.

గజపతులు, బహమనీలు

15వ శతాబ్దం తొలి పాదంలోనే కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించింది. శతాబ్దం నడిమికి ఉత్తరం నుంచి కొత్త శక్తి దిగివచ్చింది. ఒరిస్సాను ఏలుతున్న కపిలేశ్వర గజపతి రాజమహేంద్రవరాన్ని, 1450ల్లో కొండవీడును జయించాడు. దారిలో ఉన్న కొండపల్లి కూడా గజపతుల వశమైంది.

కపిలేశ్వరుడు పోయాక అతని కొడుకులు హంవీరుడు, పురుషోత్తముడు సింహాసనం కోసం పోట్లాడుకున్నారు. ఆ తగవు బహమనీ సుల్తాను మూడవ మహమ్మద్ షాకు కలిసివచ్చింది. మాలిక్ హసన్ నాయకత్వాన బహమనీ సేన తీరానికి వచ్చి 1470ల మొదట్లో రాజమహేంద్రవరం, కొండపల్లి రెండింటినీ పట్టుకుంది. కొన్నేళ్లకే కొండపల్లి దండు తిరగబడింది. సిపాయిలు తమ అధికారినే చంపి కోటను ఒడ్డె (ఒరిస్సా) వాళ్లకు అప్పగించారు. ఈసారి సుల్తానే స్వయంగా బయలుదేరి వచ్చాడు.

బీజాపూరు ఆస్థాన చరిత్రకారుడు ఫెరిస్తా రాసినదాన్ని బట్టి ముట్టడి నెలల తరబడి సాగింది. అంతకు కొన్నేళ్ల ముందు బెల్గాం ముట్టడిలో బహమనీ సేన గోడల కింద మందుగుండు పెట్టి పేల్చింది. రాతికొండ మీద అలాంటి ఉపాయం సాగడం కష్టం. కాబట్టి లోపలివాళ్ల తిండి అయిపోయేదాకా కాచుకుని కూర్చోవడమే గిరిదుర్గాన్ని గెలిచే మార్గం. చివరికి కోట లొంగిపోయింది. సుల్తాను అక్కడి గుడిని పడగొట్టించి మసీదు కట్టించాడనీ, అర్చకులను తన చేతులతోనే చంపాడనీ ఫెరిస్తా రాశాడు.

గవాన్ హత్య

దక్కన్ చరిత్రనే మలుపు తిప్పిన సంఘటన ఒకటి కొండపల్లిలో జరిగింది. బహమనీ ప్రధాని మహమూద్ గవాన్ పారశీకం నుంచి వర్తకుడిగా వచ్చి పైకెదిగినవాడు. బీదరులో 1472లో పూర్తయిన గొప్ప మదరసా అతను కట్టించిందే. రాజ్యం నాలుగు పెద్ద సుబాలుగా ఉండి సుబేదార్లు మితిమీరిన బలం పెంచుకోవడం చూసి, వాటిని ఎనిమిది చేశాడు. అంతవరకు సుబాలోని కోటలన్నీ సుబేదారు చేతిలోనే ఉండేవి. గవాన్ ఒక్కో సుబేదారుకు ఒక్క కోట మాత్రమే మిగిల్చి, తక్కినవాటి కిల్లేదార్లను సుల్తానే నియమించేలా మార్చాడు. తెలంగాణ సుబా కూడా వరంగల్లు, రాజమహేంద్రవరం అని రెండు ముక్కలైంది. దాంతో నష్టపోయినవాళ్లలో మాలిక్ హసన్ ఒకడు.

పగబట్టినవాళ్లు గవాన్ ముద్ర దగ్గర పెట్టుకునే ఉద్యోగిని మచ్చిక చేసుకున్నారు. అతను తాగిన మత్తులో ఉండగా ఒక తెల్లకాగితం మీద ముద్ర వేయించుకున్నారు. దాని మీద, సుల్తాను తాగుబోతై రాజ్యం పట్టించుకోవడం లేదని, ఒరిస్సా రాజు దండెత్తి వస్తే ఇద్దరం పంచుకుందామని గవాన్ పిలుస్తున్నట్టుగా ఉత్తరం రాశారు. దారిలో దొరికిందంటూ దాన్ని సుల్తాను ముందు పెట్టారు. సుల్తాను అప్పుడు కాంచీపురం దాకా దండయాత్ర చేసి కొండపల్లికి తిరిగివచ్చి ఉన్నాడు.

గవాన్‌కు పిలుపు వచ్చింది. వెళ్లవద్దని, గుజరాతుకు పారిపొమ్మని హితులు చెప్పారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆ వృద్ధుడు వినలేదు. యజమానికి ద్రోహం చేసిన సేవకుడికి శిక్ష ఏమిటని సుల్తాను అడిగితే, మరణమేనని తానే జవాబిచ్చాడు. ఉత్తరం చూపించగా ముద్ర తనదేననీ, రాత మాత్రం తనది కాదనీ అన్నాడు. సుల్తాను విచారణ జరపలేదు. జౌహర్ అనే హబ్షీ బానిసకు సైగ చేశాడు. 1481 ఏప్రిల్ 5న కొండపల్లిలో గవాన్ తల తెగింది. తర్వాత అతని ఖజానా తెరిపించి చూస్తే కూడబెట్టిన సొమ్ము పెద్దగా కనబడలేదు. నిజం తెలిసిన సుల్తాను మరుసటి ఏడాదే చనిపోయాడు. కొన్ని దశాబ్దాల్లో బహమనీ రాజ్యం అయిదు ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకటి గోల్కొండ. కోటల మీద అధికారం ఎవరిదన్న తగవులో మొదలైన కక్ష, చివరికి ఒక కోట నీడలోనే తీరింది.

కృష్ణదేవరాయల ముట్టడి

బహమనీల గొడవల్లో పురుషోత్తమ గజపతి కొండపల్లిని మళ్లీ సంపాదించాడు. అతని కొడుకు ప్రతాపరుద్రుడి కాలంలో కృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రకు బయలుదేరాడు. 1514లో ఉదయగిరి, 1515 జూన్‌లో కొండవీడు పడ్డాయి. రాయలు వెంటనే కృష్ణ దాటి కొండపల్లిని చుట్టుముట్టాడు. ప్రహరరాజు శిరశ్చంద్ర మహాపాత్రుడు, బోడజన మహాపాత్రుడు, బిజిలీఖాన్ వంటి గజపతి సరదార్లు ఇక్కడ పట్టుబడ్డారు. విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, ఈ ముట్టడికి మూడు నెలలు పట్టిందనీ, గజపతి భార్య ఒకామె, కొడుకు ఒకడు కోటలో చిక్కారనీ రాశాడు.

కోట సాధించిన రాయలు ఉత్తరంగా సింహాచలం, పొట్నూరు దాకా నడిచి జయస్తంభం నాటించాడు. కళింగ దండయాత్రలో విజయవాడలో విడిది చేసి, శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించి, కలలో ఆ స్వామి ఆనతి పొందానని ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నాడు. ఆ శ్రీకాకుళం కృష్ణ ఒడ్డున, కొండపల్లికి దిగువన ఉన్న ఊరే. యుద్ధం చివర సంధి కుదిరింది. ప్రతాపరుద్రుడు తన కూతురిని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. రాయలు కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను గజపతికే తిరిగి ఇచ్చాడు. నెలల తరబడి పోరాడి సాధించిన కొండపల్లి అలా మళ్లీ ఒడ్డె రాజుల పాలైంది. విజయనగరానికి నది దక్షిణపు గట్టే సరిహద్దుగా మిగిలింది.

గోల్కొండ ఏలుబడి

ఆ సంధి ఫలం గజపతులకు ఎక్కువకాలం దక్కలేదు. గోల్కొండలో స్వతంత్రించిన కులీ కుతుబ్‌షా 1530 ప్రాంతంలో ఈ తీరానికి దండెత్తి కొండపల్లిని తీసుకున్నాడు. ఇక్కడి నుంచి 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించేదాకా కోట కుతుబ్‌షాహీలదే. కోటలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే మహలు, దర్వాజాల పేర్లు ఆ కాలపువే.

గోల్కొండ రాజ్యానికి బందరు ప్రాణం వంటిది. కలంకారీ బట్టలు, వజ్రాలు, ఉక్కు అక్కడి నుంచి పారశీకానికి, తూర్పు దీవులకు, తర్వాత ఐరోపాకు వెళ్లేవి. గుర్రాలు, వెండి లోపలికి వచ్చేవి. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో కొట్లు పెట్టుకున్నారు. ఈ వర్తకమంతా నడిచే బందరు-గోల్కొండ దారి మీద కొండపల్లి ఒక ముఖ్యమైన కాపలాచోటు. దాని కింది ప్రాంతమంతా ముస్తఫానగర్ అనే పేరుతో ఒక సర్కారు అయింది. నందిగామ పరగణా కూడా ఆ సర్కారులోదే. ఉత్తరాన ఉన్న మరో శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, గుంటూరులతో కలిపి ఇంగ్లీషువాళ్లు ఉత్తర సర్కారులన్న అయిదింటిలో కొండపల్లి ఒకటి.

మొగలుల తర్వాత ఈ సర్కారులు హైదరాబాదు నిజాము చేతికి వచ్చాయి. 1753 చివర్లో నిజాము సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం కొండపల్లి సహా నాలుగు సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసి ఇచ్చాడు. 1758లో చందుర్తి యుద్ధంలో, 1759లో బందరులో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడడంతో ఫ్రెంచివాళ్ల పెత్తనం ముగిసింది.

కంపెనీ చేతికి

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. అందుకు నిజాం ఆలీ ఒప్పుకోలేదు. మద్రాసు నుంచి జనరల్ కైయో సేనతో వచ్చి 1766 మార్చి 10న కొండపల్లిని దాడి చేసి పట్టుకున్నాడు. అదే ఏడాది నవంబరులో నిజాంతో ఒప్పందం కుదిరింది. సర్కారులకు బదులుగా కంపెనీ ఏటా కప్పం కట్టాలన్నది అందులో షరతు. 1768లో మరో ఒప్పందం జరిగినప్పుడు కొండపల్లి గురించి ప్రత్యేకంగా ఒక నిబంధన రాసుకున్నారు. కోట, దాని జాగీరు శాశ్వతంగా కంపెనీవే కావాలి, అందులో కంపెనీ సిపాయిలు తప్ప ఇంకెవరూ ఉండకూడదు అన్నది దాని సారాంశం. అయిదు సర్కారుల ఒప్పందంలో ఒక్క కొండకోటను పేరుపెట్టి రాసుకున్నారంటే, హైదరాబాదు వైపు నుంచి వచ్చే దారి విలువ కంపెనీకి బాగా తెలుసు.

ఆ ఒప్పందాల్లో మిగిలిపోయిన ఒక వింత కోటకు కొద్ది దూరంలోనే ఉంది. వజ్రాల గనులున్న పరిటాల, దాని చుట్టుపక్కల గ్రామాలు మొత్తం ఏడింటిని నిజాము అట్టిపెట్టుకున్నాడు. చుట్టూ ఇంగ్లీషువాళ్ల నేల ఉన్నా ఆ ఏడు ఊళ్లు మాత్రం 20వ శతాబ్దం నడిమి దాకా హైదరాబాదు రాజ్యపు ముక్కగానే ఉండిపోయాయి. 1947లో అక్కడివాళ్లు తిరగబడి తమ ఊళ్లను పరిటాల రిపబ్లిక్కుగా ప్రకటించుకున్నారు. తర్వాత అవి కృష్ణా జిల్లాలో కలిశాయి.

కంపెనీ పాలన కుదురుకున్నాక శిస్తు వసూలు జమీందార్ల పని అయింది. ఈ మెరకసీమలో వాసిరెడ్డివారి పేరు పెద్దది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు బేతవోలు దగ్గర తండ్రి జగ్గయ్య పేరిట కట్టించిన పేటే జగ్గయ్యపేట. జమీందారు కచేరీ ఊళ్లోనే ఉండగా కొండ మీద కిల్లేదారు అవసరం తగ్గింది. కొండపల్లిలో కొంతకాలం కంపెనీ సిపాయిలకు శిక్షణ ఇచ్చారు. 1859లో దండును పూర్తిగా తీసేశారు. బందరు, రాజమహేంద్రవరం, గుంటూరు జిల్లాలను తిరగదిద్ది కృష్ణా, గోదావరి జిల్లాలను ఏర్పరచినది కూడా ఆ ఏడాదే. అప్పటి నుంచి గోడలను వానకూ చెట్ల వేళ్లకూ వదిలేశారు.

కోట కట్టడం

కొండపల్లి ఊరివైపు నుంచి ఎక్కితే ఒకదాని వెనుక ఒకటిగా మూడు ద్వారాలు వస్తాయి. మొదటి ద్వారం విరగ్గొట్టి లోపలికి దూసుకొచ్చిన శత్రువుకు ఎదురుగా మరో గోడ, మరో తలుపు కనిపిస్తాయి. ఈలోగా పైనున్న బురుజుల మీది కాపలావాళ్లకు అతను గురిలో ఉంటాడు. ఏనుగులతో తలుపులు పొడిపించడానికి పరుగు తీసే చోటు ఇరుకు దారుల్లో దొరకదు. ప్రధాన ద్వారాన్ని దర్గా దర్వాజా అంటారు. దాని నిలువు కమ్ములు, పైదూలం పెద్ద పెద్ద ఏకశిలలు. పోరులో చనిపోయిన గులాబ్ షా అనే ఫకీరు సమాధి పక్కనే ఉండటంతో ఆ పేరు వచ్చింది. కొండకు అవతలి కొసన, జగ్గయ్యపేట వైపు దిగే దారి మీద గోల్కొండ దర్వాజా ఉంది.

లోపల రెండు శిఖరాల నడుమ మెరక మీద తానీషా మహల్ కనిపిస్తుంది. కింది అంతస్తులో గదులు, పైన పెద్ద సభామందిరం ఉండేవి. కప్పు చాలావరకు పోయినా తోరణాలు, గోడల్లోని గూళ్లు, సున్నపు పూత ఆనవాళ్లు మిగిలాయి. గోల్కొండ చివరి నవాబు అబుల్ హసన్ తానీషా పేరే ఈ మహలుకు స్థిరపడింది. మహలుకు దగ్గరలో లోతైన కోనేరు ఉంది. ఊటల నీటితో నిండే ఈ కోనేటి నీళ్లు చాలా చల్లన, తాగితే జ్వరం వస్తుందని పాతకాలం నుంచీ ఒక మాట ఉంది. ముట్టడి నెలలపాటు సాగినా కోట నిలిచిందంటే ఈ నీళ్లే ఆధారం. కోనేరు దాటితే ధాన్యం కొట్టు శిథిలాలు. తిండి, నీళ్లు ఉన్నంతకాలం గిరిదుర్గం ఓడదు. అందుకే కోటలో ఈ రెండూ మహలుకు అందుబాటులో, లోపలి గోడకు రక్షణలో ఉన్నాయి.

గజశాల, నర్తనశాల, జైలుఖానా అని పిలిచే కట్టడాలు, గుడి శిథిలాలు, ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న బసలు, వాళ్ల సమాధులు కూడా ఉన్నాయి. రెడ్డిరాజుల కాలపు పెద్ద బండరాళ్ల గోడల మీద కుతుబ్‌షాహీల సున్నపు పని, దాని మీద కంపెనీ మరమ్మతులు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఎవరు గెలిచినా కోటను పడగొట్టలేదు. తమ అవసరానికి తగ్గట్టు సరిచేసుకుని వాడుకున్నారు.

కొండ కింద బొమ్మలు

కోటలో దండు పోయినా దాని అడవి మీద బతికే వృత్తి కొండ కింద నిలిచింది. కొండపల్లి బొమ్మలకు వాడేది ఈ కొండల్లో పెరిగే తెల్లపొణికి చెట్టు. కర్ర చాలా తేలిక, మెత్తన. దాన్ని బాగా ఆరబెట్టి, బొమ్మ తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. ఆ మక్కుతోనే ముక్కు, కళ్లు, నగలు వంటివి తీరుస్తారు. సుద్దపూత ఆరాక రంగులు వేస్తారు. దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, పెళ్లిపల్లకీలతోపాటు అంబారీ ఏనుగు ఎప్పటికీ అమ్ముడుపోయే బొమ్మ. సంక్రాంతి, దసరా బొమ్మలకొలువులకు ఇవి తెలుగునేల అంతటికీ వెళ్తాయి. ఈ వృత్తి చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పొణికి తగ్గిపోవడం ఇప్పుడు వారికున్న పెద్ద చిక్కు. కాబట్టి అడవిని కాపాడితే కోటతోపాటు బొమ్మా నిలుస్తుంది.

ఊళ్లోని షాబుఖారి బాబా దర్గా మరో ప్రసిద్ధ స్థలం. ఏటా జరిగే ఉరుసుకు హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు.

చూడవచ్చేవారికి

కోట రాష్ట్ర ప్రభుత్వపు రక్షిత కట్టడం. పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ దీని బాగోగులు చూస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని భవనాలను బాగుచేసి, సందర్శకులకు వసతులు కల్పించారు. కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది. నడవగలిగినవాళ్లు ఊరివైపు పాతదారిలో మూడు ద్వారాలూ దాటుతూ ఎక్కితేనే కోట కట్టిన ఉద్దేశం అర్థమవుతుంది.

విజయవాడ నుంచి బస్సులు ఉంటాయి. కాజీపేట-విజయవాడ రైలుమార్గంలో కొండపల్లి స్టేషను ఉంది. పశ్చిమం నుంచి వచ్చేవారు ఉదయం వేదాద్రిలో కృష్ణాస్నానం, నరసింహస్వామి దర్శనం చేసుకుని, ముక్త్యాల కోటను కూడా చూసి, చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డు ఎక్కవచ్చు. నందిగామ, కంచికచర్ల దాటాక పరిటాలలో 135 అడుగుల ఆంజనేయ విగ్రహం రోడ్డు పక్కనే కనిపిస్తుంది. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డున గోదావరి నీళ్లు వచ్చి కలిసే పవిత్ర సంగమం ఉంది. దిగివచ్చేటప్పుడు బొమ్మల కాలనీలో పని జరుగుతుండగా చూడవచ్చు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వేసవిలో రాళ్లు కాలిపోతాయి. ఎండాకాలం వెళ్లక తప్పనివారు పొద్దున్నే ఎక్కి పది గంటలలోపు దిగిపోవడం మంచిది. తాగే నీళ్లు వెంట ఉండాలి. వానాకాలంలో మెట్లు, బండలు జారతాయి. పాడుబడ్డ గోడల మీదికి, కోనేటి అంచుకు పిల్లలను వదలకూడదు. పొదల్లోకి వెళ్లకుండా దారిలోనే నడవాలి. కొండ మీది నుంచి దక్షిణాన కృష్ణ, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు, కింద రహదారి, రైలుపట్టాలు ఒకే చూపులో కనిపిస్తాయి.

చాలామంది తానీషా మహల్, కోనేరు చూసి వెనక్కి తిరుగుతారు. కోట కాపలా కాసింది మాత్రం పశ్చిమం నుంచి వచ్చే దారిని. కాబట్టి వీలున్నవారు సిబ్బందిని అడిగి, దారి బాగుంటే గోల్కొండ దర్వాజా వైపు కూడా నడవాలి. ఆ వైపు చూడకుండా దిగితే కొండపల్లి కోటలో సగమే చూసినట్టు.